మీ పర్సులో ఉన్న కవులు: కిర్గిజ్‌స్తాన్‌లో డాక్టరీ చదువుతున్న మన తెలుగు పిల్లలకు బహిరంగ లేఖ

పిల్లలూ,

ఈ ఉత్తరం బిష్కెక్, ఓష్ లాంటి ఊళ్లలో ఎంబీబీఎస్ చదువుతున్న మన ఆంధ్ర, తెలంగాణ పిల్లలందరికీ, అక్కడ మీ వాట్సాప్ గ్రూపులు నడిపే అడ్మిన్లకీ, ఏటా ఫ్రెషర్స్ డేలూ ఉగాదులూ బతుకమ్మలూ దగ్గరుండి చేయించే సీనియర్లకీ. మిమ్మల్ని అక్కడికి పంపించే కన్సల్టెన్సీల వాళ్లు కూడా చదవాలి, వాళ్లకి చెప్పాల్సిన మాట ఒకటి చివర్లో ఉంది.

నేను హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. మీకు పిన్ని వరస అవుతాను వయసులో. మా అక్క కొడుకు బిష్కెక్‌లో చదువుకుని వచ్చాడు, ఆ వంకతో ఒక వేసవిలో నేనూ వెళ్లి చూసి వచ్చాను. అప్పటినుంచీ ఆ దేశం గురించి దొరికిందల్లా చదువుతున్నాను. చదివేకొద్దీ మీతో ఈ మాట చెప్పకుండా ఉండలేననిపించింది. కళాకారుల్ని నెత్తిన పెట్టుకున్న దేశంలో మీరు ఐదారేళ్లు బతుకుతున్నారు. అన్నేళ్లు అక్కడ తిని, అక్కడ పడుకుని, అక్కడి చలికి వణికి, చివరికి ఒక్క పాట వినకుండా, ఒక్క బొమ్మ ముందు నిలబడకుండా, ఒక్క కవి పేరు తెలియకుండా తిరిగి రాకండి. నేను అడిగేది ఇదే. ఎందుకు అడుగుతున్నానో వివరంగా చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు పర్సు తీయండి. 2009-10లో వచ్చిన సోమ్ నోట్ల వరస ఒకసారి చూడండి. ఇరవై సోమ్ మీద తొగొలొక్ మొల్దొ, పాటలు కట్టిన అకిన్, అంటే జానపద గాయక కవి. వంద మీద తొక్తొగుల్ సతిల్‌గనోవ్, ఆయనా అకినే. రెండొందల మీద అలికుల్ ఒస్మొనోవ్, కవి. ఐదొందల మీద సయక్‌బయ్ కరలాయెవ్, మనస్ ఇతిహాసం పాడినవాడు. వెయ్యి మీద జుసుప్ బలసగున్, పదకొండో శతాబ్దపు కవి. ఐదు వేల మీద సుయ్‌మెన్‌కుల్ చొక్‌మొరోవ్, సినిమా నటుడూ చిత్రకారుడూ. యాభై సోమ్ మీద మాత్రం కుర్మన్‌జన్ దత్కా అనే పాలకురాలు ఉంది. అంటే ఏడు నోట్లలో ఆరింటి మీద కవులో గాయకులో నటులో! అంతకుముందటి చిన్న నోట్లు చూస్తే ఐదు సోమ్ మీద బాలే నర్తకి బుబుసరా బెయ్‌షెనలియేవా, ఒక్క సోమ్ మీద సంగీతకర్త అబ్దిలాస్ మల్దిబాయెవ్. 1991లో స్వతంత్ర దేశమై, 1993లో సొంత డబ్బు అచ్చు వేసుకోవాల్సి వచ్చినప్పుడు, మనమెవరం అని వాళ్లు తమని తాము అడుగుకుని చెప్పుకున్న జవాబు ఈ నోట్ల మీద ఉంది. మెస్ బిల్లు కట్టేటప్పుడు, మార్ష్రూత్కా వ్యాన్ ఎక్కేటప్పుడు రోజూ ఆ మొహాలు మీ చేతుల్లోంచి పోతూనే ఉన్నాయి.

ఎందుకిలా అంటే, మందల వెంట కొండల్లో తిరుగుతూ, గుడారాలు విప్పుతూ వేస్తూ బతికిన జాతి అది. కోటలు తక్కువ, శాసనాలు తక్కువ. చదువూ రాతా జనంలోకి వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలోనే. మరి వాళ్ల వంశాలు, యుద్ధాలు, పెళ్లి ఆచారాలు, చావు ఏడుపులు, ఏ కనుమ దాటితే ఏ లోయ వస్తుందన్న జ్ఞానం, ఇవన్నీ ఎక్కడ దాచుకున్నారు? పాడేవాళ్ల నోట్లో. పాడేవాడు పోతే గ్రంథాలయం తగలబడినట్టే వాళ్లకి. ఆ భయం తెలిసినవాళ్లు గాయకుణ్ణి నోటు మీద వేసుకోవడంలో ఆశ్చర్యం ఏముంది?

మీరు విమానం దిగిన ఎయిర్‌పోర్టు పేరే మనస్. ఆ వీరుడి కథ పాడేవాళ్లని మనస్చీలు అంటారు. వాళ్లకి వాయిద్యం ఉండదు. తంబురా లేదు, డప్పు లేదు, వంత పాడేవాడూ లేడు. కింద కూర్చుని, ఒక్క గొంతుతో, రెండు చేతులతో గంటల తరబడి, ఒక్కోసారి రాత్రంతా చెప్తారు. గుర్రం పరుగెత్తితే మాట పరుగెత్తుతుంది, తల్లి ఏడిస్తే గొంతు సాగుతుంది, ఈటె విసిరే చోట చెయ్యి నిజంగానే విసురుతుంది. చాలామంది మనస్చీలు తాము ఎవరి దగ్గరా నేర్చుకోలేదనీ, కలలో మనస్ వీరులు కనిపించి పాడమని ఆజ్ఞ ఇచ్చారనీ చెప్పుకుంటారు. నమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఐదొందల నోటు మీదున్న సయక్‌బయ్ (1894-1971) చెప్పగా రాసుకున్న పాఠం ఐదు లక్షల పంక్తులు దాటింది. మనస్, అతని కొడుకు సెమెతెయ్, మనవడు సెయ్‌తెక్, మూడు తరాల కథా కలిపి. మన వ్యాస భారతాన్ని లక్ష శ్లోకాలు అంటాం కదా, శ్లోకానికి రెండు పంక్తులు లెక్కేసుకున్నా రెండు లక్షలే అవుతుంది. ఒక మనిషి తలలో అంత ఉండటం గురించి న్యూరాలజీ చదువుకుంటున్న మీరు నాకు చెప్పాలి, నేను మీకు చెప్పడం కాదు. సయక్‌బయ్ ఒకసారి ఆరుబయట పాడుతుంటే పెద్ద వాన పట్టుకుందనీ, ఆయన ఆపలేదనీ, తడుస్తూనే ఉన్నారు తప్ప వింటున్నవాళ్లలో ఒక్కరూ కదల్లేదనీ కిర్గిజ్ రచయిత చింగీజ్ ఐత్మాతోవ్ రాశాడు.

మీకు సంబంధించిన సంగతి ఇంకొకటి ఉంది ఇందులో. పాతకాలంలో రోగి పక్కన కూర్చుని మనస్ పాడితే నయమవుతుందని నమ్మకం ఉండేది, మనస్చీని ఆ పనిమీదే పిలిపించేవాళ్లు. అది వైద్యం అని నేను అనను. కానీ రేపు మీరు ఏ మండల కేంద్రంలోనో ఆసుపత్రి పెట్టుకుని కూర్చున్నప్పుడు, మందుతో పాటు మనిషి ఇంకేదో వెతుక్కుంటాడని మీకు తెలిసి ఉండాలి కదా, ఆ పాఠం మీ సిలబస్‌లో లేదు, మీరుంటున్న ఊళ్లో ఉంది.

బిష్కెక్‌లో ఫిల్‌హార్మోనిక్ అనే సంగీత కచేరీల హాలు ముందు గుర్రం మీద మనస్ విగ్రహం ఉంటుంది, తుర్గున్‌బయ్ సదికోవ్ అనే శిల్పి చెక్కింది, 1981 నాటిది. అందరూ పైనున్న గుర్రాన్నే ఫొటో తీసుకుంటారు. ఈసారి కిందికి చూడండి. ఆ కథ చెప్పిన మనస్చీల తలలు రాతిలో చెక్కి పెట్టారు. వీరుడికి విగ్రహం ప్రతి దేశంలోనూ ఉంటుంది. వీరుడి కాళ్ల దగ్గరే అతని కథ మోసిన గాయకులకి కూడా చోటివ్వడం నేను అక్కడే చూశాను. ఆ హాలుకి పెట్టుకున్న పేరు కూడా గాయకుడిదే, తొక్తొగుల్.

వంద నోటు మీదున్న ఈ తొక్తొగుల్ కథ మీకు తప్పకుండా చెప్పాలి. 1864లో పేదింట్లో పుట్టాడు. కొముజ్ అంటే మూడు తీగల వాద్యం, ఆప్రికాట్ చెక్కతో చేస్తారు, మన వీణకున్నట్టు మెట్లు ఉండవు. వాయించేటప్పుడు కుడిచెయ్యి గాలిలో తిరుగుతుంది, భుజం మీదికి పోతుంది, ఆ చేతి కదలికలు కూడా కథలో భాగమే. ఆ కొముజ్ పట్టుకుని తొక్తొగుల్ తన ప్రాంతాన్ని పీడించే ధనిక అన్నదమ్ములు ఐదుగురిని ఐదు అడవిపందులని పాట కట్టి ఊరూరా పాడాడు. వాళ్లు ఊరుకుంటారా? 1898లో అందిజాన్‌లో జారు ప్రభుత్వం మీద తిరుగుబాటు జరిగినప్పుడు ఇతనూ అందులో ఉన్నాడని పట్టించారు. ముందు మరణశిక్ష, తరవాత దాన్ని తగ్గించి సైబీరియా ప్రవాసం. అక్కణ్ణుంచి తప్పించుకుని ఏళ్ల తరవాత ఇంటికి చేరాడు. చేరాకా పాట మానలేదు, 1933లో చనిపోయేదాకా పాడుతూనే ఉన్నాడు. నరీన్ నది మీద కట్టిన పెద్ద జలవిద్యుత్ కేంద్రానికి ఆయన పేరే పెట్టారు. ఆ దేశంలో అన్నిటికన్నా పెద్ద విద్యుత్ కేంద్రం అది, కట్టినప్పుడు 1200 మెగావాట్లది. చలికాలంలో జలాశయంలో నీళ్లు తగ్గాయని వార్త వచ్చినప్పుడల్లా మీకు హీటర్ ఆగిపోతుందేమోనని టెన్షన్ పట్టుకుంటుంది కదా, ఆ జలాశయం పేరు కూడా తొక్తొగులే. రాత్రిపూట మీ అనాటమీ పుస్తకం మీద పడే వెలుతురు ఆ గాయకుడి పేరు మీదుగా వస్తోంది.

అకిన్లు ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని అప్పటికప్పుడు పాట కట్టి ఒకర్నొకరు ఢీకొనే పోటీని ఐతిష్ అంటారు. మన అవధానంలో పృచ్ఛకుడు అడిగితే అవధాని చెప్తాడు, ఇక్కడ ఇద్దరూ కవులే, ఇద్దరి చేతుల్లోనూ కొముజ్, పైగా పాట మధ్యలో ప్రభుత్వాన్నీ, రోడ్లనీ, లంచాలనీ కడిగిపారేస్తారు, జనం ఈలలేస్తారు. 2015లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది, కజఖ్‌స్తాన్, కిర్గిజ్‌స్తాన్ రెండిటి పేరు మీదా. భాష రాకపోయినా వెళ్లి కూర్చోండి. ఎవరు గెలుస్తున్నారో జనం మొహాల్లో తెలిసిపోతుంది.

ఇప్పటిదాకా చెప్పింది గౌరవం సంగతి. అక్కడ కళాకారుడు కావడానికి ఏం ఖరీదు పెట్టాల్సి వచ్చిందో అది కూడా చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది.

బిష్కెక్ నుంచి గంటలోపు ప్రయాణంలో చోన్-తష్ అనే ఊరుంది, దాని దగ్గర అతా-బెయిత్ స్మారకం. 1938 నవంబర్లో స్తాలిన్ పోలీసులు ఆ దేశపు మేధావుల్నీ నాయకుల్నీ 137 మందిని కాల్చి చంపి, అక్కడున్న ఇటుకల బట్టీలో పూడ్చేశారు. యాభై ఏళ్లకు పైగా ఎవరికీ తెలియదు. ఆ చోటు కాపలాదారు చనిపోయే ముందు కూతురికి రహస్యం చెప్పాడు, ఆవిడ దాన్ని గుండెలో పెట్టుకుని కాలం మారాక బయటపెట్టింది, 1991లో తవ్వితే ఎముకలు బయటపడ్డాయి. వాళ్లలో కసిమ్ తినిస్తానోవ్ ఉన్నాడు, కవి, కిర్గిజ్ భాషకి లిపినీ వ్యాకరణాన్నీ సమకూర్చిన పండితుడు, పాత పది సోమ్ నోటు మీద ఆయన బొమ్మే. ఇంకొకాయన జేబులో తూటా దూసుకుపోయిన నేరారోపణ కాగితం దొరికింది, దానిమీద పేరు తొరెకుల్ ఐత్మాతోవ్. చింగీజ్ ఐత్మాతోవ్ తండ్రి. నాన్నని ఎక్కడ పూడ్చారో తెలియకుండానే ఆ కొడుకు ప్రపంచమంతా చదివే రచయిత అయ్యాడు. 1963లో వచ్చిన తన నవలికని, నీ సమాధి ఎక్కడుందో నాకు తెలియదు నాన్నా అంటూ, ఆ తండ్రికీ, తల్లికీ అంకితమిచ్చాడు. 2008లో చింగీజ్ పోయినప్పుడు తండ్రి పక్కనే, అతా-బెయిత్‌లోనే పూడ్చారు.

మనస్ కూడా తప్పించుకోలేదు. అది మతం బోధిస్తోందనీ, జాతీయవాదమనీ, ప్రజావ్యతిరేకమనీ ముద్ర వేశారు. దాని మీద పరిశోధన చేసిన పండితులు లేబర్ క్యాంపులకు పోయారు, తషిమ్ బైజియెవ్ తిరిగి రాలేదు. 1952లో ఫ్రుంజెలో, బిష్కెక్‌ని అప్పుడలా పిలిచేవాళ్లు, ఆ ఇతిహాసం ఉండాలా పోవాలా తేల్చడానికి సభ పెట్టారు. కజఖ్ రచయిత ముఖ్తార్ ఔయెజోవ్ లాంటివాళ్లు లేచి నిలబడి దాని పక్షాన వాదించారు. స్తాలిన్ బతికుండగా ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. ఒక పాటని బతికించడానికి మనుషులు ప్రాణం పణంగా పెట్టిన చోట మీరు ఉన్నారు.

మా తరానికి ఐత్మాతోవ్ పరాయివాడు కాదు. మాస్కోలో కూర్చుని ఉప్పల లక్ష్మణరావు గారి లాంటివాళ్లు తెలుగు చేసిన సోవియట్ పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో రెండు మూడు రూపాయలకి దొరికేవి, జమీల్యా మేమంతా చదివాం. యుద్ధకాలంలో ఆడవాళ్లు ధాన్యం బళ్లు స్టేషన్‌కి తోలుకెళ్లడం, గాయపడి వచ్చిన దానియార్ రాత్రిపూట ఖాళీ బళ్లు తిరిగొస్తున్నప్పుడు గొంతెత్తి పాడటం, ఆ పాట విని జమీల్యా జీవితమే మారిపోవడం, అదంతా చూస్తున్న పిల్లవాడికి బొమ్మలు వేయాలన్న తపన పుట్టడం. ప్రేమకథ అంటారు అందరూ. నాకైతే అది ఒక పాట ఒక బొమ్మని ఎలా పుట్టిస్తుందో చెప్పే కథ. అది జరిగే తలస్ లోయ బిష్కెక్ నుంచి కొన్ని గంటల ప్రయాణం. మేము గుంటూరు జిల్లాలో కూర్చుని ఊహించుకున్న గడ్డి మైదానాల్ని మీరు కళ్లారా చూడగలరు, అదృష్టవంతులు!

ఇంకా వెనక్కి వెళ్తే ఇంకో బంధం ఉంది. మీరు సెలవు రోజున సెల్ఫీలకి వెళ్లే బురానా స్తంభం ఒకప్పటి బలసగున్ నగరానిది. వెయ్యి సోమ్ నోటు మీదున్న జుసుప్ ఆ ఊరివాడే, రాజు ఎలా పాలించాలో చెప్తూ 1069-70లో పెద్ద కావ్యం రాశాడు. మన నన్నయ రాజమహేంద్రవరంలో భారతం మొదలుపెట్టిన కాలానికి అది ఎంతో దూరం కాదు. అక్కడికి దగ్గర్లోనే అక్-బెషిమ్ శిథిలాలు, పాత సుయాబ్ నగరం, బౌద్ధ ఆలయాలు బయటపడిన చోటు. చైనా నుంచి బయల్దేరిన యువాన్ చ్వాంగ్ 630 ప్రాంతంలో ఆ సుయాబ్ మీదుగా వచ్చి, దేశమంతా తిరిగి, కొన్నేళ్లకి మన వేంగినీ ధాన్యకటకాన్నీ చూశాడు. ఆ రెండు నేలల మీదా నడిచి రెండిటి గురించీ రాసిపెట్టిన మనిషి అతను. మీరూ రెండు నేలలూ చూసినవాళ్లే.

నేను డ్రాయింగ్ టీచర్ని కాబట్టి నా కళ్లు ఎక్కువగా చేతిపని మీదే ఉంటాయి. ఇస్సిక్-కుల్ సరస్సు దక్షిణపు ఒడ్డున ఒక ఊళ్లో షిర్దక్ అనే ఫెల్ట్ తివాచీ చేస్తుంటే కూర్చుని చూశాను. ఫెల్ట్ అంటే నేత లేకుండా ఉన్నినే వేడినీళ్లు చల్లి, చాపలో చుట్టి, తొక్కి తొక్కి చేసిన దళసరి బట్ట. ఒక పెద్దావిడ ఎర్ర ఫెల్టు మీద నల్ల ఫెల్టు పరిచింది. సుద్దముక్కతో పొట్టేలు కొమ్ము మెలిక గీసింది, కొలబద్ద లేదు, చెరపడం లేదు. తరవాత చిన్న పదునైన కత్తి తీసుకుని రెండు పొరలూ కలిపి కోసుకుంటూ పోయింది. కోత అయ్యాక నల్లటి కొమ్ముని ఎర్ర పరుపులోకి, ఎర్రటి కొమ్ముని నల్ల పరుపులోకి మార్చి కూర్చింది. ఒక్క ముక్క కూడా వృథా కాలేదు! ఏది బొమ్మ, ఏది వెనకున్న ఖాళీ అని అడిగితే చెప్పలేం, రెండూ సమానమే. పిల్లలకి నేను బోర్డు మీద ఏళ్లకొద్దీ చెప్పే పాజిటివ్ స్పేస్, నెగెటివ్ స్పేస్ పాఠాన్ని ఆవిడ నేలమీద కూర్చుని అలా అలవోకగా చేసి చూపించింది. అతుకుల మీద రెండు రంగుల దారం పురితో కుట్టి, కింద ఇంకో పొర వేసి మళ్లీ దట్టంగా కుడతారు. ఒక షిర్దక్‌కి నెలలు పడుతుంది, దశాబ్దాలు మన్నుతుంది. 2012లో యునెస్కో దీన్ని వెంటనే కాపాడాల్సిన కళల జాబితాలో పెట్టింది. చేసేవాళ్లలో ఎక్కువమంది వయసైపోయినవాళ్లు, చవక సింథటిక్ తివాచీలొచ్చాక కొనేవాళ్లు తగ్గారు, కుర్రవాళ్లు పనికోసం రష్యా వెళ్లిపోతున్నారు. మన చేనేత కాలనీల్లో వినే మాటలే.

అలా రష్యా వెళ్లినవాళ్ల మాటొచ్చింది కాబట్టి ఇదీ చెప్తాను. 2016 ఆగస్టులో మాస్కోలో ఒక ప్రింటింగ్ గోడౌన్ తగలబడి 17 మంది చనిపోయారు, ఎక్కువమంది కిర్గిజ్‌స్తాన్ నుంచి పొట్టకూటి కోసం వెళ్లిన ఆడవాళ్లు. 2019 చివర్లో బిష్కెక్ లలితకళల మ్యూజియంలో, చిత్రకారుడు గపార్ అయితియెవ్ పేరు మీద ఉన్నది, స్త్రీల పని గురించీ వలస గురించీ ఒక ప్రదర్శన పెట్టి, ఆ 17 మంది జ్ఞాపకంగా 17 రోజులు నడపాలనుకున్నారు. అందులో ఒక నగ్న ప్రదర్శన మీద గొడవ లేచింది. బెదిరింపులొచ్చాయి, సాంస్కృతిక శాఖ కొన్ని పనుల్ని తీయించేసింది, మ్యూజియం డైరెక్టర్ రాజీనామా చేయాల్సి వచ్చింది. నోట్ల మీద కవుల్ని పెట్టుకున్న దేశంలోనే ఇదీ జరిగింది. చనిపోయిన కళాకారుణ్ణి గౌరవించడం తేలిక, బతికున్నవాళ్లు అడిగే ప్రశ్న భరించడమే కష్టం, మన దగ్గరైనా అంతే. కాకపోతే ఒక కళా ప్రదర్శన గురించి దేశం మొత్తం వారాల తరబడి కొట్లాడుకుంది అంటే అక్కడ కళ అలంకారం కాదు, బతుకు మధ్యలో ఉంది అని నాకు అర్థమైంది. ఆ మ్యూజియం ఒపెరా థియేటర్ దగ్గర్లోనే ఉంటుంది. అయితియెవ్ బొమ్మలు చూడండి. సెమ్యోన్ చుయికోవ్ బొమ్మలు ప్రత్యేకంగా చూడండి, బిష్కెక్‌లోనే పుట్టి, 1950ల్లో మన దేశానికొచ్చి ఇక్కడి మనుషుల్నీ ఎండనీ గీసుకుని వెళ్లిన చిత్రకారుడు.

ఇప్పుడు మీరు నన్ను అడగబోయేది నాకు తెలుసు. పిన్నీ, మాకు ఇండియాలో ప్రాక్టీసు చేయడానికి రాయాల్సిన ఎఫ్‌ఎంజీఈ పరీక్ష నెత్తి మీదుంది, అప్పు తెచ్చి ఫీజు కట్టారు నాన్న, మైనస్ డిగ్రీల్లో క్లాసుకి పోయి రావడమే గగనం, పాటలూ బొమ్మలూ మాకెందుకు అంటారు. దానికంటే పెద్ద మాట ఇంకోటి ఉంది. 2024 మేలో బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద గుంపులు దాడి చేసినప్పుడు మీరు గదుల్లో లైట్లు ఆర్పుకుని కూర్చున్నారు, ఇక్కడ మీ అమ్మానాన్నలు టీవీ ముందు నిద్ర లేకుండా కూర్చున్నారు. ఎంబసీ వాళ్లు బయటికి రావద్దన్నారు. మా అక్క ఆ రాత్రి ఎన్నిసార్లు ఏడ్చిందో నాకు తెలుసు, మావాడు చదువు ముగించి వచ్చేసినా, వాడి జూనియర్లు అక్కడే ఉన్నారుగా! కాబట్టి ఆ భయాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. తప్పు దాడి చేసినవాళ్లదే, మీది కాదు. కొముజ్ పాట విన్నంత మాత్రాన గుంపు ఆగిపోతుందని చెప్పేంత అమాయకురాలిని కూడా కాను.

కానీ ఒక్కటి ఆలోచించండి. ఒకే ఊళ్లో ఆరేళ్లు ఉండి, మీకూ ఆ ఊరివాళ్లకీ మధ్య టాక్సీ బేరం, గది అద్దె, ప్రాక్టికల్ మార్కులు తప్ప ఇంకేమీ లేకపోతే, ఒకరికొకరు ఎలా కనిపిస్తారు? వాళ్లకి మీరు డబ్బు తెచ్చే విదేశీయులు, మీకు వాళ్లు డబ్బు గుంజే విదేశీయులు. మీ హాస్టల్ ఆయాని ఒకసారి సయక్‌బయ్ గురించి అడిగి చూడండి, వచ్చీరాని రష్యన్‌లోనే. మావాడు అడిగితే ఆవిడ చేతిలో చీపురు పక్కన పెట్టి, తనకి చిన్నప్పుడు వాళ్ల తాత నేర్పిన ముక్క నిలబడి పాడిందట, ఆ తరవాత వాడికి జ్వరం వస్తే సూప్ కాచి తెచ్చేది. మూడేళ్లు గుడ్ మార్నింగ్ చెప్పినా రాని దగ్గరితనం అది.

రెండొందల నోటు మీదున్న అలికుల్ ఒస్మొనోవ్ అనాథాశ్రమంలో పెరిగాడు. క్షయతో 1950లో పోయాడు, ముప్పై అయిదేళ్లకే. రోగం ముదురుతోందని తెలిసీ చివరి ఏళ్లలో ఇస్సిక్-కుల్ ఒడ్డున ఆగకుండా రాశాడు. ఊపిరితిత్తుల వార్డులో క్లినికల్ పోస్టింగ్ పడినప్పుడు ఆయన్ని తలుచుకోండి, కేస్ షీట్ అవతల ఒక మనిషి ఉంటాడు కదా.

ఏం చేయమంటున్నానో సూటిగా చెప్తాను. సెమిస్టర్‌కి ఒక్క ఆదివారం ఇవ్వండి. ఒకసారి ఆ మ్యూజియం, ఒకసారి తొక్తొగుల్ ఫిల్‌హార్మోనిక్‌లో కొముజ్ కచేరీ, ఒకసారి అతా-బెయిత్. మార్చి 21న నౌరూజ్ పండగ రోజు గదిలో పడుకోకుండా అలా-తూ స్క్వేర్ వైపు వెళ్లండి. మీలో వేళ్లు ఆడేవాళ్లుంటారు, గిటార్ వాయించేవాళ్లుంటారు, కొముజ్ నేర్చుకోండి, నేర్పేవాళ్లు దొరుకుతారు. ఇంటికి తెచ్చే వస్తువుల్లో చైనా జాకెట్టు బదులు ఒక చిన్న షిర్దక్ ముక్క, చేసినవాళ్ల చేతికే డబ్బిచ్చి కొనండి, బేరం ఆడకుండా.

అడ్మిన్లకీ సీనియర్లకీ: మీరు చేసే ఉగాది, బతుకమ్మ, సంక్రాంతి వేడుకలు తలుపులు మూసుకుని మన వాళ్ల మధ్యే చేసుకోకండి. మీ టీచర్లని, ఇంటి ఓనర్లని, హాస్టల్ ఆయాలని పిలవండి. మన పిల్లలు కోలాటం వేసాక అదే స్టేజీ మీద ఒక అకిన్‌ని పాడించండి, ఒక మనస్చీ కుర్రాణ్ణి చెప్పించండి. పిలిచినందుకు శాలువా కప్పి పంపడం కాదు, పారితోషికం ఇవ్వండి, డీజేకి ఇచ్చేంత ఇవ్వండి.

కన్సల్టెన్సీల వాళ్లకి: మీరు పిల్లలకి ఇచ్చే రంగుల పుస్తకంలో ఇండియన్ మెస్ ఉంది, వైఫై ఉంది, గీజర్ ఉంది అని రాస్తారు. అదీ ఉండాలి. దాంతోపాటు ఆ దేశం ఎవరిదో, అక్కడి మనుషులు దేన్ని ప్రాణంగా చూసుకుంటారో, ఎక్కడ ఎలా మర్యాదగా మెలగాలో చెప్పే రెండు పేజీలు చేర్చండి. ప్రీ-డిపార్చర్ ఓరియెంటేషన్ అని ఒక పూట పెడతారు కదా, అందులో ఒక గంట దీనికివ్వండి. చెప్పేవాళ్లు లేరంటే అక్కడ చదివి వచ్చిన పిల్లల్నే పిలవండి, మావాడు వస్తాడు, డబ్బు తీసుకోడు.

పిల్లలూ, ఈ ఉగాదికి ఎవరైనా అకిన్‌నో మనస్చీనో పిలవాలనుకుంటే, ఖర్చు దగ్గర వెనకాడొద్దు. మేం కొందరం డ్రాయింగ్, మ్యూజిక్ టీచర్లం కలిసి చందాలు వేసి పంపుతాం. ఎంతవుతుందో ఫిబ్రవరి లోపు మీ గ్రూపులో లెక్క కట్టి నాకు రాయండి. వీలైతే వీడియో తీసి పంపండి, మా తొమ్మిదో తరగతి పిల్లలకి చూపించాలి.

మీ
డ్రాయింగ్ టీచర్ పిన్ని